నిద్ర డ్యూటీ

బండి దిగాక కూడా కాసేపు ఒళ్లు ఊగుతూనే ఉంటుంది. తాతారావుకి ఆ ఊపు రిటైరైన ఏడాదికి కూడా తగ్గలేదు.

కొత్తవలస నుంచి కొండలెక్కి కిరండూల్ వెళ్లే రైలు మార్గంలో ఆయన బతుకంతా ఇనుప ఖనిజం గూడ్సు నడిపాడు. సొరంగం తర్వాత సొరంగం, వంతెన తర్వాత వంతెన. చలికాలం పొద్దుటి పూట మేఘాలు కింద లోయలో పడుకుని ఉండేవి. బండి వాటి పైనుంచి పోయేది. అలాంటి చోటు నుంచి దిగొచ్చి, విశాఖపట్నం మర్రిపాలెంలో చిన్న డాబా ఇంట్లో ఫ్యాను కింద కూర్చోమంటే ఆయనకి ఊపిరాడలేదు.

భార్య వరహాలమ్మకి ఆ బాధ లేదు. ముందు గదిలో ఆవిడ కుట్టుమిషను పెళ్లయిన కొత్తలో ఎలా తిరిగేదో ఇప్పుడూ అలాగే తిరుగుతోంది. చుట్టుపక్కల వీధుల్లో ఆడవాళ్ల జాకెట్లన్నీ ఆవిడ చేతి మీదుగానే వెళ్లాలి. తాతారావు ఆ మిషను పక్కన నిలబడి చూసేవాడు. కుక్కరు కూతకొస్తే వంటింట్లోకి పరిగెత్తి, ఇవాళ లేటుగా కూసిందని తేల్చేవాడు. వీధిలో ఆటో ఎవరైనా వెనక్కి తిప్పుతుంటే గేటు దగ్గర నిలబడి తువ్వాలు ఊపేవాడు.

"ఏటండీ మీరు? కూకుంటే కూకోలేరు, నిలబడితే నిలబడలేరు," అందొకరోజు వరహాలమ్మ. "నా పక్కన సేరి స్పీడు తగ్గించు, స్పీడు తగ్గించు అంటారేటి? ఇది జాకెట్టండీ. గూడ్సు కాదు."

"ఊరికే అన్నాన్లే వరాలూ."

"ఊరికే అనకండి. ఏదో ఒక పని సూసుకోండి."

చూసుకున్నాడు పాపం. పార్కులో నడకవాళ్లతో కలిశాడు. వాళ్లు షుగరు గురించి తప్ప వేరే మాట్లాడరు. డాబా మీద కుండీల్లో బెండ మొక్కలు వేశాడు. అవి వాటంతటవే పెరిగాయి, ఆయనతో వాటికేం పని పడలేదు. చివరికి ఆయన శ్రద్ధగా చేసే పని ఒక్కటే మిగిలింది. మధ్యాహ్నం భోజనం చేసి నిద్రపోవడం. ఆ నిద్రలో రోజూ రైలు వచ్చేది. కుడిచెయ్యి మంచం పట్టెని పట్టుకుని మెల్లగా వెనక్కి లాగేది, వదిలేది, మళ్లీ లాగేది.

ఆ చెయ్యిని చూసింది కూతురు హైమ. ఆమె బీచికి దగ్గరలో ఉన్న పిల్లల ఆసుపత్రిలో నర్సు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల వార్డు ఆమెది. ఆ మధ్యాహ్నం డ్యూటీ లేక పుట్టింటికి వచ్చి, తండ్రి మంచం పక్కన కూర్చుని చాలాసేపు ఆ చేతినే చూసింది. ఆయన లేవగానే అడిగింది.

"నాన్నా, మా డాక్టరుగారి దగ్గరో ఉద్యోగం ఉంది. చేస్తావా?"

"నాకిప్పుడు ఉద్యోగం ఎవులిస్తారే?"

"నువ్వు రోజూ చేసేదే. పడుకోవాలి."

తాతారావు పడీపడీ నవ్వాడు. మర్నాడు మాత్రం గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని కూతురి స్కూటరు ఎక్కాడు.

*

ఆ గదిని అందరూ ఊయల గది అనేవారు. ఆసుపత్రి పై అంతస్తులో, సముద్రం వైపు. కిటికీలకి నీలం తెరలు వేసి ఉండేవి. ఎండ ఆ తెరల్లోంచి వడకట్టినట్టు దిగి, గదంతా నీళ్ల అడుగున ఉన్నట్టు కనిపించేది. ఒక పక్క మంచం. దానికి చేరువగా చిన్న గాజు పెట్టె. పెట్టెలో అరచేతిలో ఇమిడేంత బిడ్డ. చర్మం ఉల్లిపొరలా ఉంది.

డాక్టర్ షహనాజ్ సన్నగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. తల్లి కడుపులో బిడ్డ మెదడు ఎలా అల్లుకుంటుందో తెలుసుకోవడానికే వయసంతా పెట్టింది. ఆ ఊయల యంత్రం ఆమె కట్టిందే.

"కడుపులో ఉన్నంత కాలం బిడ్డ నిద్రలోనే ఉంటుంది సార్," అంది, వెండి తీగలు అల్లిన టోపీని తాతారావు తలకి తొడుగుతూ. "తల్లి గుండె, తల్లి ఊపిరి, తల్లి కల, వీటి ఊపు పట్టుకునే పెరుగుతుంది. ముందే పుట్టేసినవాళ్లకి ఆ ఊపు ఉండదు. మా మిషన్ల కీచుమోత తప్ప వీళ్లకి ఇంకేం వినపడదు. అందుకే ఒక్కోసారి ఊపిరి తీయడం కూడా మరిచిపోతారు."

"తల్లులున్నారు కదమ్మా? ఆళ్లనే పడుకోబెట్టొచ్చు కదా?"

"వాళ్లకి నిద్రెక్కడిది సార్? రెప్ప వేస్తే బిడ్డకేమవుతుందో అని భయం. భయపడే మనిషి కల ముక్కలు ముక్కలుగా వస్తుంది. నాకు పొడుగాటి కల కావాలి, నిదానంగా సాగేది. ఒకే పని ఏళ్ల తరబడి చేసినవాళ్లకే అలాంటి కలొస్తుంది. నిద్రలో మీ చెయ్యి బ్రేకు వేస్తుందట కదా, హైమ చెప్పింది."

తాతారావు సిగ్గుపడ్డాడు. టోపీ నుంచి సన్నటి తీగ ఒకటి గాజు పెట్టెలోకి, బిడ్డ కింద పరిచిన మెత్తటి పరుపులోకి వెళ్లింది. ఆయన వెల్లికిలా పడుకున్నాడు. కొత్త చోట నిద్ర పట్టదేమో అనుకున్నాడు. కిటికీ అవతల అలలు వచ్చి పడుతున్నాయి, పోతున్నాయి. వాటిని వింటూ వింటూ జారిపోయాడు.

పొగమంచు. ఇంజను ముందు దీపం మంచులో పసుపు ముద్దలా ఉంది. బండి త్యాడ స్టేషను దాటి దిగుతోంది. వెనకాల పెట్టెల నిండా ఎర్రటి ఖనిజం. అంత బరువూ వీపు మీద చెయ్యి వేసి తోస్తున్నట్టు ఉంది. తాతారావు బ్రేకు మెల్లగా లాగాడు. చక్రాలు మూలిగాయి. సొరంగం నోరు తెరిచింది, చీకటి చల్లగా ముఖానికి తగిలింది, మళ్లీ వెలుగు. కొండ మీది నుంచి పాలధార లాంటి సెలయేరు పట్టాల కిందికి దూకుతోంది. ఎక్కడా చప్పుడు లేదు. కాబిన్లో తానొక్కడే లేడనిపించింది. పక్కన ఎవరో ఉన్నారు. కనిపించరు. కొంచెం వెచ్చగా, కొత్తగా పొదిగిన గుడ్డులా ఉన్నారు. "భయం లేదు, నేనున్నాను," అన్నాడు తాతారావు ఆ వెచ్చదనంతో. బండి అలా దిగుతూనే ఉంది.

మెలకువ వచ్చేసరికి తెరల మీద ఎండ రంగు మారింది. హైమ గాజు పెట్టె మీదికి వంగి ఉంది. కళ్లు తడిగా ఉన్నాయి.

"ఒక్కసారి కూడా ఊపిరి ఆపలేదు నాన్నా. నువ్వు లాగినప్పుడల్లా తీసింది, వదిలినప్పుడల్లా వదిలింది."

ఆ సాయంత్రం తాతారావు ఇంటికి వచ్చిన తీరు చూసి వరహాలమ్మ మిషను ఆపేసింది. ఘాట్ దిగి వచ్చిన రోజుల్లో ఎలా గేటు తీసేవాడో అలాగే తీశాడు. కాళ్లు కడుక్కుని, "వరాలూ, ఆకలేత్తంది," అన్నాడు. రిటైరయ్యాక ఆయన నోట ఆ మాట రావడం అదే మొదలు.

*

ఎండాకాలం వచ్చింది, పోయింది. తాతారావుకి మళ్లీ డ్యూటీ దొరికింది. పొద్దున్నే స్నానం చేసి, పేపరు చదివి, పదకొండింటికల్లా భోజనం ముగించి బయల్దేరేవాడు. మజ్జిగ ఎక్కువ పొయ్యమనేవాడు, నిద్ర బాగా పడుతుందని. వీధిలో ఎవరైనా ఎక్కడికని అడిగితే "డ్యూటీకి" అనేవాడు. ఆ ఒక్క మాట అనడానికి వీధి మొదట్లో కాస్త నెమ్మదిగా నడిచేవాడు కూడా.

ఊయల గదికి ఇంకా కొందరు వచ్చేవారు. వాళ్లలో ఒకరు చిన్నమ్మి, పొందూరు నుంచి వచ్చి కూతురింట్లో ఉంటున్న, రాట్నం మీద నూలు వడికిన ముసలమ్మ. ఆమె కలలో దారం ఎక్కడా తెగకుండా సాగేదట. తాతారావూ ఆమే వరండాలో కలుసుకుని, ఇవాళ నీ పిల్ల ఎంత బరువెక్కిందంటే ఇవాళ నీ పిల్లాడు ఎంత బరువెక్కాడని మాట్లాడుకునేవారు. బిడ్డలు ఒక్కొక్కరే పెట్టెలోంచి తల్లుల ఒళ్లోకి, తల్లుల ఒళ్లోంచి ఇళ్లకి వెళ్లారు.

ముందుగా ఏదో తేడా ఉందని పట్టింది వరహాలమ్మే.

రైల్వే ఇన్‌స్టిట్యూటులో రిటైరైనవాళ్ల కలయిక జరిగింది. పాత గార్డు పైడిరాజు తాతారావు భుజం మీద చెయ్యి వేసి, "బావా, చిమిడిపల్లి దగ్గర కొండరాళ్లు పడ్డప్పుడు బండి ఎలాగాపేవో చెప్పు," అన్నాడు. ఆ కథ తాతారావు చెప్పని పెళ్లి లేదు, పేరంటం లేదు. వరహాలమ్మకి కంఠతా వచ్చు. ఆయన నవ్వి, "నువ్వే చెప్పు. నువ్వైతే బాగా చెప్తావు," అన్నాడు. పైడిరాజు చెప్పాడు. తాతారావు చెయ్యి చెంపకి ఆనించుకుని విన్నాడు. రాళ్లు పడ్డ చోటికి వచ్చేసరికి "అయ్యో, తర్వాత?" అన్నాడు.

అందరూ పరాచికమనుకుని నవ్వారు. వరహాలమ్మ నవ్వలేదు.

ఇంటికి వచ్చాక మంచినీళ్లు ఇచ్చి మామూలుగా అడిగింది. "త్యాడ దిగితే తర్వాత ఏ టేసనండీ?"

తాతారావు గ్లాసు పట్టుకుని ఆలోచించాడు. కరెంటు పోయిన గదిలో మనిషి అగ్గిపెట్టె కోసం గోడంతా తడిమినట్టు ఆయన కళ్లు అటూ ఇటూ తిరిగాయి.

"అక్కడ మంచెక్కువ వరాలూ," అన్నాడు చివరికి.

*

మర్నాడు వరహాలమ్మ మిషను మీద గుడ్డ కప్పి, చెప్పులు వేసుకుని తిన్నగా ఆసుపత్రికి వెళ్లింది. షహనాజ్ గదిలో కూర్చోమన్నా కూర్చోలేదు.

"నా మొగుణ్ణి ఎక్కడ దాసేరమ్మా?" అంది.

షహనాజ్‌కి అర్థం కాలేదు. వరహాలమ్మ జరిగిందంతా చెప్పాక ఆమె ముఖం పాలిపోయింది. ఆ రోజే తాతారావుని కూర్చోబెట్టి ఆ లైను ఫొటోలు చూపించింది. సొరంగాలు, వంతెనలు, ఆయనే తలుపు పట్టుకుని నిలబడ్డ ఇంజను. ఆయన ప్రతిదీ మర్యాదగా చూశాడు. "బాగున్నాయమ్మా. ఎవులు తీసేరు?" అన్నాడు. చిన్నమ్మిని రాట్నం ముందు కూర్చోబెడితే, ఎవరి ఇంటి వస్తువో ముట్టుకోవచ్చో లేదో అన్నట్టు చేతులు ఒళ్లో పెట్టుకుంది.

షహనాజ్ ఆ పెద్దవాళ్ల మెదడు చిత్రాలన్నీ ముందేసుకుని కూర్చుంది. అన్నం మానేసింది. చివరికి ఇంటికి వచ్చి, తాతారావు ముందు, వరహాలమ్మ ముందు తల దించుకుని చెప్పింది.

"కలొచ్చినప్పుడు పాత జ్ఞాపకం ఒకటి పెట్టెలోంచి చీరలా బయటికొస్తుంది. కల అయిపోయాక మళ్లీ మడతపెట్టి లోపల పెట్టేస్తాం. అది మనకి తెలీకుండానే జరుగుతుంది. నా యంత్రం బిడ్డ కోసమని కలని సాగదీసింది. మడతపెట్టే వేళకి అక్కడ చీర లేదు. ఇది నేను ముందే కనిపెట్టి ఉండాలి. పిల్లలు బతుకుతున్నారన్న సంతోషంలో పెద్దవాళ్ల వైపు చూడలేదు."

"పోయినవి మళ్లీ రావా?" అంది వరహాలమ్మ.

"రావమ్మా."

షహనాజ్ వెళ్లిపోయాక తాతారావు చాలాసేపు డాబా మెట్ల మీద కూర్చున్నాడు. పోయిందంటున్నారు. ఏం పోయిందో ఆయనకి తెలియడం లేదు. ఎక్కడా నొప్పి లేదు, ఖాళీ కూడా లేదు. అందుకే ఆయనకి భయం వేసింది. వరహాలమ్మ వచ్చి కింది మెట్టు మీద కూర్చుంది.

"వరాలూ, నేను బండి బాగా నడిపేవోణ్ణా?"

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత కొంగు దించి చెప్పింది. "మీరు బండి ఆపితే గ్లాసులో టీ తొణికేది కాదనేవోడు పైడిరాజు."

"అలాగా," అన్నాడు తాతారావు. ఎవరో మంచివాడి గురించి విన్నట్టు కొంచెం సంతోషించాడు.

*

ఊయల గదికి తాళం పడింది. తాతారావు మళ్లీ ఇంటి మనిషయ్యాడు. ఈసారి కుక్కరు కూతలు వినలేదు, మిషను పక్కన నిలబడలేదు. మధ్యాహ్నాలు నిద్రపోయేవాడు. కలలు రాలేదు. చెయ్యి కదలలేదు.

హైమ మాత్రం డ్యూటీ నుంచి పుట్టింటికే వచ్చి అన్నం కెలుకుతూ కూర్చునేది. పెదజాలరిపేట నుంచి వచ్చిన దేవి అనే అమ్మాయికి ఆరో నెలలోనే ఆడపిల్ల పుట్టింది. యంత్రం ఆపకముందు కొద్ది రోజులు తాతారావు నిద్రతోనే ఆ పిల్ల నిలదొక్కుకుంది. ఇప్పుడు పదే పదే ఊపిరి మరిచిపోతోంది. మందులు, గొట్టాలు అన్నీ అయిపోయాయి. పాదం మీద వేలితో తడితే గుర్తొచ్చి తీస్తుంది. వేలు తీస్తే మరిచిపోతుంది. దేవి పెట్టె పక్కనే నేల మీద కూర్చుని, రెప్ప వేయకుండా ఆ పాదం తడుతూ ఉంది.

హైమ ఇదంతా తండ్రికి చెప్పాలని చెప్పలేదు. తల్లితో చెబుతుంటే ఆయన విన్నాడు. విని లోపలికి వెళ్లి చొక్కా వేసుకుని వచ్చాడు.

"పదవే హైమా. డ్యూటీకి."

"వద్దు నాన్నా." ఆమె గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "నీ దగ్గర ఏం మిగిలిందో నిన్ను అడిగి తెలుసుకుని డాక్టరుగారు చెప్పారు నాకు. నేను పుట్టిన రోజు. ఆ రోజు నువ్వు బండి దించుతున్నావు. అదొక్కటీ ఎప్పుడూ కలలోకి రాలేదట, అందుకే మిగిలిందట. ఇప్పుడు పడుకుంటే అదే వస్తుంది. అదీ పోతుంది."

తాతారావు ఆగిపోయాడు. ఆ రోజు ఆయనకి ఉంది. చుట్టూ అంతా మంచు కమ్మేసినా, స్టేషన్ల పేర్లు కూడా చెరిగిపోయినా ఆ ఒక్క రోజూ ఎండలో కొండలా నిలబడి ఉంది. రోజూ ఒకసారి తాకి చూసుకుంటున్నాడు, ఎవరికీ చెప్పకుండా.

ఆయన వరహాలమ్మ వైపు చూశాడు. ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తోంది. దారం బెజ్జంలోకి వెళ్లడం లేదు. సూదిని జాకెట్టుకి గుచ్చి పక్కన పెట్టింది.

"ఆ రోజు నాను ఆస్పత్రిలో ఉన్నాను, మీరు బండిలో ఉన్నారు," అంది. "ఆ రోజు సగం నాది. నా సగం నా కాడే ఉంటాది, ఎక్కడికీ పోదు. మీ సగం మీరిచ్చుకోండి."

"అమ్మా!" అంది హైమ.

"నీ ఊపిరి కూడా ఆ రోజు ఎవులో ఒకలు పట్టుకునే ఉన్నారే," అంది వరహాలమ్మ.

షహనాజ్ ఒప్పుకోలేదు. తాళం తన దగ్గరే ఉందని, ఆ గది తలుపు ఇంక తీయనని చెప్పింది. ఆసుపత్రి వరండాలో తాతారావు ఆమెకి ఎదురుగా నిలబడ్డాడు. గొంతు పెంచలేదు.

"ఇన్నాళ్లూ మీకూ తెలీదు, నాకూ తెలీదు డాక్టరమ్మా. తెలీకుండా పోయింది. అది తప్పే. ఇప్పుడు నాకు తెలుసు. ఏటిత్తన్నానో తెలుసు, ఎందుకిత్తన్నానో తెలుసు. తెలిసి ఇత్తంటే కాదనడానికి మీరెవులు?"

అద్దం తలుపు అవతల దేవి నేల మీద కూర్చుని ఉంది. వేలు ఆడుతూనే ఉంది. షహనాజ్ అటు చూసింది. తర్వాత ఏడుస్తూనే మెడలోంచి తాళంచెవి తీసింది.

"ఇదే ఆఖరు," అంది.

*

ఎండ నీలంగా దిగింది. అలలు వచ్చాయి, పోయాయి.

ఈసారి మంచు లేదు. కొండలు కడిగిన పళ్లెంలా మెరుస్తున్నాయి. తాతారావు ముప్పయ్యేళ్లవాడు, మీసం నల్లగా ఉంది. శిమిలిగుడ స్టేషను వస్తోంది. స్టేషను మాస్టరు పచ్చజెండా పట్టుకుని ప్లాట్‌ఫారం అంచున నిలబడి, నోటికి చెయ్యి అడ్డం పెట్టి అరుస్తున్నాడు. "తాతారావూ! మీ ఆవిడకి నొప్పులొచ్చాయంట! కంట్రోలు నుంచి ఫోను!" బండి ఆపడానికి లేదు, వెనక కొండంత బరువు. ఆయన చెయ్యి ఊపాడు. పక్కనున్న వెచ్చదనం దగ్గరికి జరిగింది.

కరకవలస. అక్కడ మాస్టరు లేడు, పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ ఉన్నాడు. "ఆస్పత్రికి తీసుకెళ్లేరంట!" సొరంగం. చీకట్లో తన గుండె చప్పుడు ఇంజను చప్పుడు కన్నా పెద్దదిగా వినిపించింది. బొర్రా దగ్గర ఎవరో రెండు చేతులూ జోడించి, "బిడ్డ అడ్డం తిరిగిందంట! భయపడకు!" అన్నారు. ఎలా భయపడకుండా ఉంటాడు? బ్రేకు మీద చెయ్యి బిగించాడు. వణికితే కుదరదు. లాగాలి, వదలాలి. మెల్లగా లాగాలి, మెల్లగా వదలాలి. "ఊపిరి తియ్యి," అన్నాడు తాతారావు. ఎవరితో అంటున్నాడో తెలియలేదు. భార్యతోనో, పుట్టబోయే బిడ్డతోనో, పక్కన ఉన్న ఆ వెచ్చదనంతోనో. "తియ్యి తల్లీ. వదులు. మళ్లీ తియ్యి."

చిమిడిపల్లిలో కబురేమీ లేదు. మాస్టరు ఊరికే జెండా చూపించి నిలబడ్డాడు. త్యాడలోనూ లేదు. వంతెన మీద నుంచి చూస్తే కింద లోయ అంతా ఎండ. శివలింగపురం దాటింది. బొడ్డవర సిగ్నలు దూరంగా పచ్చగా కనిపించింది. ప్లాట్‌ఫారం మీద ఒక మనిషి జెండా ఎత్తి, బండికి ఎదురుగా పరిగెత్తుకొస్తున్నాడు. ఏదో అరుస్తున్నాడు. నోరు కదులుతోంది.

ఆ మాట చేరేలోగా వెలుగు పట్టాల మీదికి, కొండల మీదికి, ఆయన చేతుల మీదికి పాలలా పొంగి వచ్చింది. పక్కనున్న వెచ్చదనం పెద్ద ఊపిరి తీసింది. అది ఆయన్ని దాటి, ఇంజను దాటి ముందుకు వెళ్లిపోయింది.

తాతారావు కళ్లు తెరిచాడు. గదిలో కేరుమని సన్నటి ఏడుపు వినిపిస్తోంది. దేవి చెయ్యి బిడ్డ పాదం మీద లేదు. రెండు చేతులతో నోరు మూసుకుని ఆమె గట్టిగా ఏడుస్తోంది. షహనాజ్ గోడకి ఆనుకుని నిలబడింది.

మంచం పక్కన హైమ ఉంది. "నాన్నా, నేనెవరో తెలుస్తోందా?"

"పిచ్చిదానా, నా కూతురివి," అన్నాడు తాతారావు. ఆమె బుగ్గ మీద తడి ఎందుకో అర్థం కాక, బొటనవేలితో తుడిచాడు.

*

ఊయల యంత్రాన్ని షహనాజ్ విప్పేసింది. అలాంటిది మళ్లీ ఎవరూ కట్టకూడదని, అదేం తిన్నదో దేశంలో ఉన్న డాక్టర్లందరికీ తనే చెప్పింది. తనకి వచ్చిన పేరు పోయింది. పోతే పోనీ అంది. తీగలు, టోపీ తీసేశాక ఊయల గదిలో వాలు కుర్చీలు వేయించింది. ఊపు కావాలంటే మనిషి గుండె మీద కూడా దొరుకుతుందని, అది కొంచెం నిదానమైన దారే గాని ఎవరి సొత్తూ పట్టుకుపోదని అంది.

తాతారావు అక్కడికే వెళ్తున్నాడు. చొక్కా గుండీలు విప్పుకుని కుర్చీలో వాలితే, హైమ ఒక బిడ్డని తెచ్చి ఛాతీ మీద బోర్లా పడుకోబెట్టి దుప్పటి కప్పుతుంది. ఇప్పుడు ఆయన పని మేలుకుని ఉండడం. బిడ్డ ఊపిరి మీదే చెవి పెట్టుకుని కూర్చుంటాడు. పక్క కుర్చీలో చిన్నమ్మి ఉంటుంది. ఆమె మనవరాలి దగ్గర మళ్లీ మొదటి నుంచి నూలు వడకడం నేర్చుకుంటోంది, దారం ఊరికే తెగిపోతోందని నవ్వుతుంది. పార్కులో షుగరు గురించి మాట్లాడుకునేవాళ్లు కూడా ఇద్దరు ముగ్గురు వచ్చారు. మొదట్లో బిడ్డని ముట్టుకోవాలంటే వణికిపోయారు. ఇప్పుడు ఒకరోజు మానమంటే ఒప్పుకోరు.

దేవి కూతురు బోసినవ్వులు నవ్వే వేళకి చలికాలం వచ్చింది. వరహాలమ్మ మిషను మూసి, ఎవరి జాకెట్టైనా సరే వచ్చే వారమే అని చెప్పి, మొగుణ్ణీ కూతుర్నీ తీసుకుని అరకు వెళ్లింది. తిరుగు ప్రయాణం కిరండూల్ పాసింజరులో. తాతారావుని కిటికీ దగ్గర కూర్చోబెట్టింది.

ఆయన అలాంటి దారి అంతకుముందు ఎన్నడూ చూడలేదు. కొండ కడుపులోంచి బండి దూసుకుపోతుంటే చప్పట్లు కొట్టాడు. మేఘాలు కింద ఉండడం చూసి హైమ చెయ్యి పట్టుకుని లాగాడు. "ఇంత ఎత్తున పట్టాలెలా ఏసేరే? ఈ డ్రైవరు ఎవులో గాని మొనగాడే."

శిమిలిగుడ వచ్చింది. వరహాలమ్మ కిటికీలోంచి స్టేషను వైపు చూపించింది.

"మీకో కథ సెప్తానుండండి. ఒకాయన గూడ్సు బండి దించుతన్నాడు. ఇదిగో, ఇక్కడ టేసను మాస్టరు కేకేసేడు. మీ ఆవిడకి నొప్పులొచ్చాయని."

తాతారావు ఇటు తిరిగాడు. "అయ్యో. మరి బండి వదిలెళ్లిపోడానికి లేదే?"

"లేదు. దించుకునే పోవాలి."

కరకవలసలో కొంచెం చెప్పింది. బొర్రాలో కొంచెం. నొప్పులు పడుతూ తను అక్కడేం అనుకుందో, నర్సమ్మ చెయ్యి ఎంత చల్లగా ఉందో, అది ఆయనకి ఎప్పుడూ తెలియని సగం, అది కూడా మధ్య మధ్య చెప్పింది. తాతారావు కిటికీ మరిచిపోయాడు. చిమిడిపల్లిలో కబురేమీ లేదంటే ముఖం వాడిపోయింది. త్యాడలోనూ లేదంటే పంచె అంచు నలిపేశాడు. శివలింగపురం దగ్గర హైమ అటు తిరిగి కూర్చుంది, తండ్రికి తన ముఖం కనపడకుండా.

బొడ్డవర వచ్చింది. పాసింజరు నెమ్మదించింది.

"ఇక్కడ మాస్టరు జెండా ఎత్తుకుని పరిగెత్తుకొచ్చేడంట. ఆడపిల్లా, ఆడపిల్లా అని అరిసేడంట. ఆ అరుపుకి గొడ్లు కాసుకునేవోళ్లు కూడా పట్టాల కాడికొచ్చి చేతులూపేరంట."

తాతారావు నోరు తెరుచుకుని విన్నాడు. అరవయ్యేళ్లు దాటిన ఆ ముఖం మీదికి నవ్వు మెల్లగా, పొద్దు పొడిచినట్టు వచ్చింది.

"ఆడపిల్లే!" అన్నాడు. వెంటనే ఏదో గుర్తొచ్చినట్టు కంగారుగా ముందుకు వంగాడు. "మరి బిడ్డ అడ్డం తిరిగిందన్నావు? తల్లీ పిల్లా బాగున్నారా?"

వరహాలమ్మ హైమ వైపు చూసింది. హైమ ఇటు తిరిగి ఆయన చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"బాగున్నాం నాన్నా," అంది.